థీసిస్ ఫైలును మొదటి రోజు నుంచే సరిగ్గా కట్టుకోవడం ఎలా? వర్డ్, జోటెరో, ఫోన్, చివరికి పీడీఎఫ్

గడువు దగ్గర పడ్డాక థీసిస్ రాసేవాళ్ళలో చాలామంది చేసే పని ఒకటుంది. విషయసూచికలో పేజీ నంబర్లు ఒక్కొక్కటే చూసి దిద్దుకుంటూ కూర్చుంటారు. అంతా దిద్దాక గైడ్ ఒక పేరా చేర్చమంటారు. ఆ పేరాతో మూడో అధ్యాయం ఒక పేజీ కిందికి జరుగుతుంది, పటం 3.4 కాస్తా 3.5 అవుతుంది. మళ్ళీ మొదటికొస్తుంది వ్యవహారం.

దీన్ని తప్పించుకోవడానికి ఒక్క నియమం గుర్తుంచుకుంటే చాలు. కంప్యూటర్ లెక్కపెట్టగల అంకె దేన్నీ మీరు టైపు చేయొద్దు. పేజీ నంబరు, అధ్యాయం నంబరు, పటం నంబరు, "పై పట్టికలో చూడండి" అనే చోట వచ్చే నంబరు, ఆధారాల జాబితా వరుస, అన్నీ వర్డ్ చేతో, ఆధారాలను పోగుచేసి చూపించే జోటెరో అనే ప్రోగ్రామ్ చేతో వేయించాలి. ఈ వ్యాసంలోని మెలకువలన్నీ ఆ నియమం చుట్టూ తిరిగేవే. వర్డ్ మెనూ పేర్లతోనే చెబుతాను. లిబ్రేఆఫీస్ రైటర్‌లోనూ దాదాపు ఇవన్నీ ఉన్నాయి, తేడా ఉన్నచోట చెబుతాను. పేజీపేజీకీ సమీకరణాలుండే గణితం, భౌతికశాస్త్రం వాళ్ళు మాత్రం సమీకరణాలను చక్కగా పేర్చే లాటెక్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడమే మేలు. తక్కినవాళ్ళకి వర్డ్ సరిపోతుంది, సరిగ్గా వాడితే.

రాయకముందే తేల్చుకోవాల్సినవి

మీ విశ్వవిద్యాలయం నియమావళి తెచ్చుకుని నాలుగు సంగతులు చూడండి: మార్జిన్లు, ఫాంటు, వరుసల మధ్య ఎడం, ఆధారాలు చూపే శైలి. వాళ్ళ దగ్గర టెంప్లేట్ ఫైలు ఉంటే అందులోనే మొదలుపెట్టండి.

ఒకే ఫైలా, అధ్యాయానికో ఫైలా? ఒకే ఫైలు అనే నా ఓటు. రెండు మూడు వందల పేజీలను వర్డ్ మోయగలదు. ముక్కలుగా రాసి చివర్లో అతికిస్తే ఒక్కో ముక్కలో ఒక్కో రకం ఫార్మాటింగ్ బయటపడుతుంది. ఫైళ్ళను కలపడానికి వర్డ్‌లో మాస్టర్ డాక్యుమెంట్ అనే సదుపాయం ఉంది గానీ, దాని జోలికి వెళ్ళకండి. ఫైళ్ళు పాడుచేస్తుందని దానికి ఎప్పటినుంచో చెడ్డపేరు.

స్టైల్స్: మిగతా అన్నిటికీ పునాది

అధ్యాయం పేరు టైపు చేసి, సెలెక్ట్ చేసి, బోల్డ్ నొక్కి, సైజు 16 పెడితే అది మన కంటికి శీర్షికలాగే కనిపిస్తుంది. వర్డ్‌కి మాత్రం అది లావుగా ఉన్న ఇంకో పేరా, అంతే. శీర్షిక అని దానికి తెలియాలంటే స్టైల్ వేయాలి, అంటే ఇది శీర్షిక, ఇది మామూలు పేరా అని చెప్పే ముద్ర.

1. అధ్యాయం పేరు మీద కర్సర్ ఉంచి కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కండి. అది హెడింగ్ 1 అవుతుంది. లోపలి విభాగాలకు అదే పద్ధతిలో 2, ఉపవిభాగాలకు 3. లిబ్రేఆఫీస్‌లో ఆల్ట్ లేకుండా కంట్రోల్, 1 చాలు.

2. మామూలు పేరాలకు నార్మల్ స్టైల్. షార్ట్‌కట్ కంట్రోల్, షిఫ్ట్, ఎన్.

3. హెడింగ్ రూపం నచ్చకపోతే శీర్షికను మార్చకండి, స్టైల్‌ని మార్చండి. హోమ్ ట్యాబ్‌లో హెడింగ్ 1 మీద రైట్ క్లిక్ చేసి మోడిఫై నొక్కి ఫాంటు, సైజు, ఎడం పెట్టండి. ఫైలంతటా ఉన్న హెడింగ్ 1లన్నీ ఒక్కసారిగా మారతాయి. అదే పెట్టెలో ఆటోమేటికల్లీ అప్‌డేట్ అనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టకండి. పెడితే ఒక్క శీర్షికలో చేసిన చిన్న మార్పు మీరు అడక్కుండానే అన్నిటికీ పాకుతుంది.

4. ప్రతి అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలంటే ఎంటర్ కొట్టుకుంటూ పోవద్దు. మోడిఫైలోనే ఫార్మాట్, పేరాగ్రాఫ్, లైన్ అండ్ పేజ్ బ్రేక్స్‌లోకి వెళ్ళి పేజ్ బ్రేక్ బిఫోర్‌కి టిక్ పెట్టండి.

5. పేరాల మధ్య ఖాళీ కోసం కూడా రెండుసార్లు ఎంటర్ కొట్టకండి. నార్మల్ స్టైల్‌లో స్పేసింగ్ ఆఫ్టర్ అని ఉంటుంది, అక్కడ 6 లేదా 8 పాయింట్లు ఇవ్వండి.

ఇంత చేశాక వ్యూ ట్యాబ్‌లో నావిగేషన్ పేన్ తెరిచి చూడండి. ఎడమవైపు మీ థీసిస్ అస్థిపంజరమంతా కనిపిస్తుంది. ఒక విభాగాన్ని అక్కడే పట్టుకుని పైకో కిందికో లాగితే దాని లోపలి పేరాలు, పటాలు అన్నీ వెంట వెళతాయి. కట్, పేస్ట్‌లతో ఆ పని చేసి అవస్థ పడ్డవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. లిబ్రేఆఫీస్‌లో ఈ పనికి ఎఫ్5 నొక్కితే నావిగేటర్ వస్తుంది.

వేరేచోటి నుంచి తెచ్చిన పాఠం తన ఫార్మాటింగ్‌ను కూడా మోసుకొస్తుంది. అందుకే పేస్ట్ చేసేటప్పుడు కీప్ టెక్స్ట్ ఓన్లీ ఎంచుకోండి. కొత్త వర్డ్‌లలో కంట్రోల్, షిఫ్ట్, వి అదే పని చేస్తుంది. అప్పటికే చెడిపోయిన పేరా ఉంటే సెలెక్ట్ చేసి కంట్రోల్, స్పేస్ నొక్కితే అక్షరాల ఫార్మాటింగ్, కంట్రోల్, క్యూ నొక్కితే పేరా ఫార్మాటింగ్ వదిలిపోయి స్టైల్‌లో ఉన్నది మిగులుతుంది. దేనివల్ల చెడిందో అంతు చిక్కకపోతే కంట్రోల్, షిఫ్ట్, 8 నొక్కండి. కనబడని ఖాళీలు, ట్యాబ్‌లు, బ్రేకులు అన్నీ బయటపడతాయి.

తెలుగులో రాసేవాళ్ళకి ఇక్కడొక చిక్కు ఎదురవుతుంది. స్టైల్‌లో సైజు 12 చేస్తారు, ఇంగ్లీషు అక్షరాలు మారతాయి, తెలుగు మాత్రం కదలదు. కారణం ఏమిటంటే వర్డ్ తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్‌ల గుంపులో ఉంచుతుంది. వాటికి ఫాంటు, సైజు విడిగా ఉంటాయి. మోడిఫైలో ఫార్మాట్, ఫాంట్ తెరిస్తే కింది భాగంలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే వరుస కనిపిస్తుంది, తెలుగుకు అక్కడ మార్చాలి. ఫాంటు ఏదైనా యూనికోడ్‌ది, అంటే కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే అక్షర సంకేతాలు వాడేది, అయి తీరాలి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ, గౌతమి యూనికోడ్‌వే. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో టైపు చేస్తే కాగితం మీద బాగానే ఉంటుంది గానీ, పీడీఎఫ్‌లో వెతికితే మాట దొరకదు, కాపీ చేస్తే పిచ్చి అక్షరాలొస్తాయి.

అధ్యాయాల నంబర్లు, విషయసూచిక

హెడింగ్ 1 మీద కర్సర్ ఉంచి హోమ్ ట్యాబ్‌లో మల్టీలెవెల్ లిస్ట్ తెరవండి. చూపించే నమూనాల్లో "హెడింగ్ 1, హెడింగ్ 2" అని పక్కన రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి. అప్పుడే నంబర్లు హెడింగులకు ముడిపడతాయి. ఆ మాటలు లేని నమూనా తీసుకుంటే తర్వాత పటాల నంబర్ల దగ్గర ఇబ్బంది పడతారు.

విషయసూచికకు రిఫరెన్సెస్ ట్యాబ్‌లో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ నొక్కడమే. మార్పులు చేశాక దానిమీద రైట్ క్లిక్ చేసి అప్‌డేట్ ఫీల్డ్, అందులో అప్‌డేట్ ఎంటైర్ టేబుల్. పేజీ నంబర్లు మాత్రమే అనే రెండో ఎంపిక తీసుకుంటే, మీరు మార్చిన శీర్షికల పాతపేర్లే సూచికలో మిగిలిపోతాయి.

పేజీ నంబర్లు: రోమన్ ఒకవైపు, మామూలు అంకెలు ఒకవైపు

అందరినీ ఎక్కువ ఏడిపించేది ఇదే. ముఖపత్రం మీద నంబరు ఉండకూడదు, కృతజ్ఞతలు, సూచికలకు రోమన్ అంకెలు కావాలి, మొదటి అధ్యాయం 1తో మొదలవ్వాలి. సెక్షన్ అంటే ఏమిటో తెలిస్తే ఇది చిటికెలో పని. హెడర్, ఫుటర్, పేజీ నంబరు వరుస, కాగితం నిలువా అడ్డమా, ఇవన్నీ సెక్షన్‌కి చెందిన లక్షణాలు. అందువల్ల ఎక్కడ ఇవి మారాలో అక్కడ కొత్త సెక్షన్ పెట్టాలి.

1. మొదటి అధ్యాయానికి ముందున్న పేజీ చివర కర్సర్ ఉంచి లేఅవుట్, బ్రేక్స్, సెక్షన్ బ్రేక్స్ కింద నెక్స్ట్ పేజ్ నొక్కండి. పైన ఉండే మామూలు పేజ్ బ్రేక్ కాదు. ఆ తర్వాత మధ్యలో ఖాళీ పేజీ ఏమైనా వచ్చిందేమో చూసుకోండి. వస్తే అక్కడ అనవసరంగా మిగిలిన పాత బ్రేకో, ఖాళీ పేరానో ఉంటుంది, తీసేయండి.

2. రెండో సెక్షన్ మొదటి పేజీ ఫుటర్ మీద డబుల్ క్లిక్ చేయండి. పైన లింక్ టు ప్రీవియస్ వెలుగుతూ ఉంటుంది. దాన్ని ఆపండి. హెడర్‌లోకి వెళ్ళి అక్కడా ఆపండి, రెండూ వేర్వేరు. ఈ మెట్టు దాటేసినవాళ్ళే ఇక్కడ మారిస్తే అక్కడెందుకు మారుతోందని తల పట్టుకుంటారు.

3. మొదటి సెక్షన్‌లో ఇన్‌సర్ట్, పేజ్ నంబర్, ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లోకి వెళ్ళి రోమన్ అంకెలు ఎంచుకోండి. రెండో సెక్షన్‌లో అదేచోట మామూలు అంకెలు, స్టార్ట్ ఎట్ దగ్గర 1.

4. ముఖపత్రం కోసం మొదటి సెక్షన్ ఫుటర్‌లో డిఫరెంట్ ఫస్ట్ పేజ్‌కి టిక్.

పెద్ద పట్టిక కోసం ఒక్క పేజీని అడ్డంగా తిప్పాలంటే దానికి ముందొకటి, వెనకొకటి సెక్షన్ బ్రేకులు పెట్టి, మధ్య సెక్షన్‌కే లాండ్‌స్కేప్ ఇవ్వాలి. అక్కడ నంబరు కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్‌లో ఉందో లేదో చూసుకోండి. లిబ్రేఆఫీస్‌లో ఇదంతా సెక్షన్లతో కాదు, పేజ్ స్టైల్స్‌తో జరుగుతుంది. పద్ధతి వేరు, కానీ అలవాటైతే అదే తేలిక.

పటాలు, పట్టికలు

బొమ్మను ఇన్‌సర్ట్, పిక్చర్స్ ద్వారా తెచ్చి, టెక్స్ట్ ర్యాపింగ్ ఇన్ లైన్ విత్ టెక్స్ట్‌లోనే ఉంచండి. అప్పుడది ఒక పెద్ద అక్షరంలా వాక్యంతోపాటే కదులుతుంది, ఎక్కడికో ఎగిరిపోదు. స్క్రీన్‌షాట్‌లకు పీఎన్‌జీ, ఫొటోలకు జేపీజీ. ఆర్ లేదా పైథాన్‌తో గీసిన గ్రాఫులను కొత్త వర్డ్‌లోకి ఎస్‌వీజీగా తెస్తే ఎంత పెద్దది చేసినా గీతలు చెదరవు. ఇంకొకటి: వర్డ్ సేవ్ చేసేటప్పుడు బొమ్మలను తనంతట తానే కుదిస్తుంది. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ కింద డు నాట్ కంప్రెస్‌కి టిక్ పెట్టండి. బొమ్మలు చేర్చకముందే పెట్టాలి, కుదించాక పోయిన నాణ్యత తిరిగి రాదు.

బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌సర్ట్ కాప్షన్ ఎంచుకోండి. న్యూ లేబుల్‌తో "పటం", "పట్టిక" అని సొంత పేర్లు పెట్టుకోవచ్చు. నంబరింగ్‌లో ఇన్‌క్లూడ్ చాప్టర్ నంబర్ టిక్ చేసి, సెపరేటర్‌గా చుక్క ఎంచుకుంటే 3.1, 3.2 అని వస్తుంది. హెడింగులకు మల్టీలెవెల్ లిస్ట్ సరిగ్గా కట్టి ఉంటేనే ఇది పనిచేస్తుంది, ముందే చెప్పిన ఇబ్బంది ఇదే.

పాఠంలో "పటం 3.2లో చూపినట్లు" అని రాయాల్సినచోట ఆ "పటం 3.2" టైపు చేయకండి. రిఫరెన్సెస్, క్రాస్ రిఫరెన్స్ తెరిచి, లేబుల్ ఎంచుకుని, ఓన్లీ లేబుల్ అండ్ నంబర్ అని చెప్పి ఆ పటాన్ని చూపించండి. రేపు మధ్యలో కొత్త పటం వచ్చినా, ఉన్నది పోయినా, కంట్రోల్, ఏ తర్వాత ఎఫ్9 నొక్కితే నంబర్లన్నీ సర్దుకుంటాయి. కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కలిపి నొక్కాలి. కంట్రోల్, ఏ ఫుట్‌నోట్లను పట్టుకోదు, వాటిలో క్రాస్ రిఫరెన్సులుంటే అక్కడికెళ్ళి విడిగా అప్‌డేట్ చేయాలి. పటాల జాబితా కూడా రిఫరెన్సెస్‌లోని ఇన్‌సర్ట్ టేబుల్ ఆఫ్ ఫిగర్స్‌తో దానంతటదే వస్తుంది.

పట్టిక రెండో పేజీకి పాకితే పై వరుస అక్కడా కనిపించాలి కదా. పై వరుసలో క్లిక్ చేసి టేబుల్ లేఅవుట్ ట్యాబ్‌లో రిపీట్ హెడర్ రోస్ నొక్కండి.

జోటెరోతో ఆధారాలు

జోటెరో ఉచితం, ఓపెన్ సోర్స్. 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేసుకుని, బ్రౌజర్‌కి జోటెరో కనెక్టర్ కూడా చేర్చుకోండి. పరిశోధన వ్యాసం తెరిచి ఉన్నప్పుడు బ్రౌజర్‌లో కనెక్టర్ గుర్తు నొక్కితే రచయిత, పత్రిక, సంవత్సరం, వీలుంటే పీడీఎఫ్ కూడా మీ లైబ్రరీలోకి వచ్చేస్తాయి. బ్రౌజర్‌తో పనిలేకుండా చేర్చాలంటే జోటెరోలో మంత్రదండం బొమ్మ నొక్కి డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) గానీ పుస్తకం ఐఎస్‌బీఎన్ గానీ ఇవ్వండి. డీఓఐ ఎప్పుడూ 10తో మొదలై, తర్వాత చుక్క ఉంటుంది. మీ దగ్గరే ఉన్న పీడీఎఫ్‌లను లోపలికి లాగినా చాలావాటి వివరాలు తనే వెతికి పెడుతుంది.

అయితే వచ్చిన వివరాలను నమ్మేసి వదిలేయకండి. చేర్చిన వెంటనే మూడు చోట్ల కన్నేయండి. రచయిత పేర్లలో ఏది ఇంటిపేరో అటూ ఇటూ అయిందా? రచయిత స్థానంలో సంస్థ ఉంటే ఆ గడి పక్కనున్న బొత్తాం నొక్కి ఒకే గడిగా మార్చారా? లేకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇంటిపేరు, ఒంటిపేరుగా చీలిపోతుంది. ఇంగ్లీషు శీర్షికలో మొదటి మాటకు, విశేష నామాలకు మాత్రమే పెద్దక్షరం ఉందా? అలా దాచుకుంటే పెద్దక్షరాలు కావాల్సిన శైలికి జోటెరోనే మార్చి పెడుతుంది. అటునుంచి ఇటు మార్చడం దానికి సరిగ్గా చేతకాదు.

చాట్‌బాట్‌లు చెప్పిన ఆధారాలకు కూడా ఇదే దారి. డీఓఐ మంత్రదండంలో వేయండి. ఏమీ రాకపోయినా, వేరే వ్యాసం వచ్చినా, ఆ ఆధారం కల్పితమని అనుమానించాల్సిందే. నిజంగా ఉన్న వ్యాసమే అయినా ఉపసంహరించుకున్నదైతే జోటెరో ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. ఉపసంహరించిన వ్యాసాల లెక్క ఉంచే రిట్రాక్షన్ వాచ్ జాబితాతో అది సరిచూసుకుంటుంది.

వర్డ్‌లో జోటెరో ట్యాబ్ కనిపిస్తుంది. కర్సర్ పెట్టినచోట సైటేషన్ (పాఠం మధ్యలో వచ్చే ఆధారం ప్రస్తావన) కోసం యాడ్ ఎడిట్ సైటేషన్ నొక్కి, రచయిత పేరో శీర్షికో టైపు చేసి ఎంచుకోండి. ఎంచుకున్న బుడగ మీద క్లిక్ చేస్తే పేజీ నంబరు ఇవ్వొచ్చు, రచయిత పేరు వాక్యంలోనే వచ్చి ఉంటే ఓమిట్ ఆథర్ పెట్టొచ్చు. అధ్యాయాలు అయ్యాక యాడ్ ఎడిట్ బిబ్లియోగ్రఫీ నొక్కితే పూర్తి జాబితా. ఆధారాలకు ఏపీఏ శైలి కాదు షికాగో శైలి కావాలని గైడ్ చివర్లో అన్నా డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో ఒక్క మార్పుతో పోతుంది. పాఠంలో కనిపించే సైటేషన్‌ను మాత్రం చేత్తో దిద్దొద్దు, తర్వాతి అప్‌డేట్‌లో మీ దిద్దుబాటు పోవచ్చు. ఫైలు పెద్దదై ప్రతి సైటేషన్‌కీ ఆగిపోతుంటే అదే ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి, చివర్లో రిఫ్రెష్ కొట్టండి.

జోటెరో ఖాతా తెరిస్తే వివరాలన్నీ ఉచితంగా సింక్ అవుతాయి. పీడీఎఫ్‌లకు ఉచిత స్థలం 300 ఎంబీ. స్థలం మిగులుతుందని జోటెరో డేటా ఫోల్డర్‌ని డ్రాప్‌బాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టేవాళ్ళున్నారు. అది చేయకండి, డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంది.

ఫోన్ ఎక్కడ పనికొస్తుంది

థీసిస్ ఫోన్లో రాయడం నరకం. చదవడానికి, పోగుచేయడానికి మాత్రం ఫోన్‌ని మించింది లేదు. లైబ్రరీలో అనుమతి ఉన్న పేజీలను కెమెరాతో మామూలుగా తీయకండి, స్కాన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్ యాప్‌లో, ఐఫోన్‌లో నోట్స్‌లో స్కాన్ సదుపాయం ఉంది. వంకర సరిచేసి, నీడ తగ్గించి ఒకే పీడీఎఫ్‌గా ఇస్తుంది. ముందుగా పుస్తకం ముఖపత్రాన్ని, ప్రచురణ వివరాల పేజీని స్కాన్ చేయడం అలవాటు చేసుకోండి. ఆ పుస్తకం మళ్ళీ చేతికి రాకపోవచ్చు.

స్కాన్‌లోంచి అక్షరాలు కావాలంటే ఆ ఫైలును కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్‌లో రైట్ క్లిక్ చేసి ఓపెన్ విత్, గూగుల్ డాక్స్. బొమ్మ కింద పాఠం వస్తుంది, తెలుగు కూడా. తెలుగులో ఒత్తులు, ఎక్కడైనా అంకెలు మూలంతో పోల్చుకోకుండా వాడొద్దు.

గైడ్ దిద్దుబాట్లు

గైడ్‌కి ఫైలు పంపేముందు రివ్యూలో ట్రాక్ చేంజెస్ ఆన్ చేసి పంపండి, కంట్రోల్, షిఫ్ట్, ఈ. ఆయన దాన్ని ఆపేసి నేరుగా దిద్ది పంపారనుకోండి, అప్పుడూ దిగులు లేదు. రివ్యూ, కంపేర్‌లో మీ పాత ఫైలు, ఆయన పంపినది ఇస్తే తేడాలన్నీ రంగుల్లో చూపిస్తుంది.

బ్యాకప్

సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ చెరిపేస్తే సింక్ అక్కడా చెరిపేస్తుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో ఫైలు 30 రోజులే ఉంటుంది. అంచేత మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరేచోట: కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లోనో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. రోజు పని ముగించాక సేవ్ యాజ్ చేసి పేరులో తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో పెట్టండి, 2025-03-14 లాగా. అప్పుడు ఫోల్డర్‌లో అవే వరుసగా నిలబడతాయి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అనే పేర్లు పెట్టుకుంటే ఏది చివరిదో దేవుడికే తెలియాలి.

ఫైలు తెరుచుకోనని మొరాయిస్తే ఇంకో దారుంది. డాక్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. దాని నకలు తీసి పేరు చివర జిప్ అని మార్చి విప్పితే వర్డ్ అనే ఫోల్డర్, దానిలో మీడియా అనే ఫోల్డర్ దొరుకుతాయి. మీ బొమ్మలు అక్కడుంటాయి.

పీడీఎఫ్

సమర్పించేముందు ఫైలు నకలు తీసి అందులో పని చేయండి. ట్రాక్ చేంజెస్‌లో మిగిలినవన్నీ ఒప్పుకోవడమో తోసిపుచ్చడమో చేసి, వ్యాఖ్యలు తీసేసి, జోటెరో రిఫ్రెష్ కొట్టి, కంట్రోల్, ఏ, ఎఫ్9, విషయసూచిక మొత్తం అప్‌డేట్. ఆ తర్వాత కంట్రోల్, ఎఫ్‌తో "ఎర్రర్" అన్న ఇంగ్లీషు మాట వెతకండి. చెరిపేసిన పటానికి క్రాస్ రిఫరెన్స్ మిగిలి ఉంటే వర్డ్ అక్కడ ఎర్రర్ అని బోల్డ్ అక్షరాల్లో రాసి ఉంచుతుంది. పరీక్షకుల కంటే ముందు మీరే చూడటం మంచిది.

ప్రింట్ టు పీడీఎఫ్ వాడకండి, లింకులు, బుక్‌మార్కులు పోతాయి. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని ఆప్షన్స్ తెరవండి. క్రియేట్ బుక్‌మార్క్స్ యూజింగ్ హెడింగ్స్‌కి టిక్. దీర్ఘకాలం దాచడానికి పీడీఎఫ్ ఏ కావాలని మీ లైబ్రరీ అడిగితే ఆ గడి కూడా అక్కడే ఉంది.

వచ్చిన పీడీఎఫ్‌ను మీ కంప్యూటర్‌లో కాకుండా ఫోన్లోనో వేరేవాళ్ళ కంప్యూటర్‌లోనో తెరవండి. ఫాంట్లు సరిగ్గా ఇమిడాయో లేదో అక్కడే తెలుస్తుంది. విషయసూచికలో నాలుగైదు శీర్షికలు నొక్కి సరైన పేజీకి వెళుతున్నాయేమో, అడ్డం పేజీ అడ్డంగానే ఉందో, రోమన్ అంకెలు ఎక్కడ ఆగాయో చూసుకోండి. తప్పు కనిపిస్తే దిద్దాల్సింది వర్డ్ ఫైలులో. అక్కడ దిద్ది కొత్త పీడీఎఫ్ తీయడానికి పట్టేది ఐదు నిమిషాలు.